పార్కులో ఉండిపోయిన కుట్టు పడవ

వండూరు దగ్గరి దీవులన్నీ జాతీయ పార్కు అయిపోయాయని తెలిసిన రోజున మా అయ్య మొదట అడిగింది చేపల వేట గురించి కాదు. "మరి మన పడవో?" అన్నాడు.

ఆ పడవకి ఒక్క మేకు లేదు. శ్రీకాకుళం తీరం నుంచి ఈ దీవులకు వచ్చిన కొత్తలో, అక్కడ నేర్చుకున్న పద్ధతిలోనే, పలకలకు కంతలు పెట్టి కొబ్బరి తాడుతో కుట్టి అయ్యా పెదనాన్నా చేసుకున్నారు. మేముండే హోప్ టౌన్‌లో అందరూ ఇంజిన్ బోట్లకు మారినా వాళ్ళు మారలేదు. పాత తాళ్ళు మార్చాలని ఒక దీవి ఒడ్డున దాన్ని చెట్ల కిందికి లాగి, కుట్లు సగం విప్పారు. ఇంతలో పెదనాన్న జ్వరంతో పోయాడు. ఆ ఏడాది అయ్య అటు వెళ్ళలేదు. వెళ్దామనుకునేసరికి దీవి పార్కులోకి పోయింది.

నాకు హిందీ బాగా వచ్చని నన్ను వెంటబెట్టుకుని పార్కు ఆఫీసు చుట్టూ తిరిగాడు. అక్కడి అధికారి చెడ్డవాడేం కాదు. కుర్చీ వేసి కూర్చోబెట్టేవాడు.

"చాచా, పార్కులోంచి ఒక్క గవ్వ కూడా బయటికి రాకూడదు. కానూన్ అందరికీ ఒకటే."

"అది గవ్వ కాదు సాబ్. నానూ మా అన్నా కుట్టుకున్న పడవ. ఇలాటిది ఈ దీవుల్లో ఇంకోటి నేదు. వానలొస్తే పోద్ది సాబ్. మీరే దాచండి పోనీ, నాకివ్వొద్దు."

ఆ చివరి మాట నేను హిందీలో రెండుసార్లు చెప్పాను. అధికారి పైవాళ్ళను అడుగుతానన్నాడు. వానలు దగ్గర పడ్డాక, చూసి రావడానికి మాత్రం గార్డు బోటులో పంపించాడు.

పడవ ఒక పక్కకు ఒరిగి ఉంది. పెద్ద అలలు దాని దాకా వస్తున్నాయి. అయ్య సంచిలోంచి కొత్త తాడు తీయడం చూసి గార్డు ముఖం తిప్పుకున్నాడు. ఆ కుట్టుకి ఇద్దరు కావాలి, లోపల ఒకరు, బయట ఒకరు. అయ్య లోపలికి దిగి తాడు కొస నాకందించాడు.

"లాగు పాపా, గట్టిగా లాగు!"

లాగాను. తాడు బిగిసేలోపే కంత దగ్గర పలక విరిగింది. ఇంకో కంత. అక్కడా విరిగింది. చెక్కంతా పురుగు తొలిచేసింది. అయినా అయ్య ఆపలేదు. నా అరచేతులు కోసుకుపోయాయి. నీళ్ళు నా మోకాళ్ళ దాకా వచ్చాయి.

"చలియే చాచా, పోటు వచ్చేస్తోంది," అన్నాడు గార్డు.

అయ్య పడవలోనే కూర్చుండిపోయాడు. "అన్న ఉంటే లాగీసేవోడు," అన్నాడు. అప్పుడు ఏడ్చాడు. పెదనాన్న శవం దగ్గర కూడా అలా ఏడవలేదు. గార్డూ నేనూ చెరో రెక్కా పట్టుకుని దింపాం.

వానలు వెనకబట్టాక పైనుంచి అనుమతి వచ్చింది. పడవను తెచ్చి సందర్శకుల హాల్లో పెట్టవచ్చట. ఆ మాట చెప్పడానికి అధికారి హార్బర్ దాటి మా ఇంటికే వచ్చాడు. అయ్య లోపలి గదిలోంచి బయటికి రాలేదు. గార్డుతో నేనే వెళ్ళాను. ఒడ్డున పడవ లేదు. చాలాసేపు వెతికితే చెట్టు వేళ్ళ మధ్య ఇరుక్కున్న ఒక పలక దొరికింది.

ఇప్పుడది హాల్లో అద్దం వెనక ఉంది. కింద హిందీలో, ఇంగ్లీషులో 'పాత పడవ పలక' అని రాశారు. ఎవరు కుట్టారో కూడా రాయమని అడిగాను. బోర్డు మార్చినప్పుడు చూద్దామన్నారు.

అయ్య దాన్ని చూడ్డానికి రాలేదు. ఎన్నోసార్లు పిలిచాను. "ముక్కని చూసి ఏటి సేస్తాను పాపా," అనేవాడు. ఆయన పోయేదాకా ఆ బోర్డు మారలేదు.