చంద్రభాగ కోరుకున్న పని

మిల్లు మూతపడి ఏడాది దాటినా చంద్రభాగ ఏ పనిలోనూ కుదురుకోలేదు. పెళ్లికి ముందు నుంచీ మిల్లు రీలింగు ఖాతాలో, అంటే నూలు చుట్టే విభాగంలో, చిలపలు చుట్టిన మనిషి. సోలాపూర్‌లో వాళ్ల తెలుగు పేట ఆడవాళ్లకు ఏ పనీ లేకపోతే బీడీల పని ఉండనే ఉంది. ఆమె మాత్రం ఆకూ పొగాకూ పెట్టుకునే ఆ చాట ఒళ్లోకి తీసుకోలేదు. తల్లి రాజమ్మ ఆ చాట ముందే ముసలిదై, దగ్గి దగ్గి ఊపిరాడక చనిపోయింది. ఆ దగ్గు చంద్రభాగ చెవుల్లో ఇంకా ఉంది.

భర్త రాజారాం కుంఠా నాకాలో మరమగ్గం మీద తువ్వాళ్లు నేస్తాడు. ఒకరోజు కుట్టుమిషన్ నేర్చుకోమంటాడు, ఇంకోరోజు జొన్నపిండి భాకరీలు చేసి అమ్మమంటాడు. ఆమె అన్నిటికీ తలూపుతుంది, ఏదీ మొదలుపెట్టదు.

"నీ మనసుల ఏమున్నదో చెప్పరాదే?" అని విసుక్కున్నాడొకసారి.

"పొద్దుగాల ఒకటి మంచిగనిపిస్తది. మాపటికి గదే భయమైతది. నేనేం జెయ్యాలె?"

ఆ రోజుల్లోనే ఒక సేవాసంఘం వాళ్లు, పని పోయి ఏం చేయాలో తోచని వాళ్లకు సలహా చెప్పడానికి పేటలోని కులసమాజం హాలు మేడమీద ఒక గది తెరిచారు. అక్కడ కూర్చునే మురళీధర్ సార్ పేటవాడే, బడిపంతులుగా చేసి మానేసినవాడు. చంద్రభాగ వెళ్లి బెంచీ చివర కూర్చుంది. ఏ పనులున్నాయో చెబుతాడనుకుంది. ఆయన అది చెప్పలేదు.

"మిల్లుల ఉన్నన్నాళ్లు నీకు మనసుకు నచ్చిన దినం ఏది చెల్లే?" అన్నాడు.

ఆమెకు నవ్వొచ్చింది. అట్లాంటి మాట ఆమెను ఎవరూ అడిగి ఎరగరు. "మా ఖాతల మల్లమ్మకు కాన్పు నొప్పులొచ్చినయ్ సార్. టాంగా వచ్చేదాంక నేనే పట్టుకున్న. అందరు ఒర్రుతున్నరు గాని నాకు భయం గాలే."

మురళీధర్ తొందరపెట్టలేదు. కుట్టుపని నేర్పే చోటికి ఒకరోజు, చిన్నపిల్లల బాలవాడి బడికి ఒకరోజు పంపి చూశాడు. తర్వాత తనకు తెలిసిన డాక్టరమ్మను అడిగి ఒక ప్రసూతి ఆసుపత్రికి పంపాడు. అక్కడ పొద్దంతా ఆయాల వెంట తిరిగింది. దుప్పట్లు మార్చింది, బాలింతల నడుముకు కాపడం పెట్టింది. ఇంటికొచ్చి చెప్పులైనా విప్పకుండా, "ఇగో, నేను ఆయా పని నేర్సుకుంట" అంది. రాజారాం మగ్గం కాడి నుంచి అప్పుడే వచ్చాడు. అంత గట్టిగా ఆమె ఏదీ చెప్పగా అతను ఎన్నడూ వినలేదు. "నేర్సుకో మరి" అన్నాడు సంతోషంగా.

శిక్షణలో చేరడానికి వెళ్లిన రోజు, ఆసుపత్రి గుమాస్తా వయసు అడిగాడు. ముప్పయ్యెనిమిది అంది. ముప్పయ్యైదు దాటితే తీసుకోరట. డాక్టరమ్మను పిలిపించమని అడిగింది. ఆమె వచ్చి, "నియమం నా చేతుల లేదు అక్కా" అని మరాఠీలో చెప్పి లోపలికి వెళ్లిపోయింది.

సంగతి విని మురళీధర్ తల పట్టుకున్నాడు. "ముందుగాల నేను అడగాల్సింది. తప్పు నాదే. వేరేది చూద్దాం చెల్లే, బాలవాడి..."

"ఒద్దు సార్" అంది చంద్రభాగ. కోపం లేదు గొంతులో. "ఇన్నాళ్లు ఏం గావాల్నో తెల్వకుండె. ఎట్లనో గడిచింది. ఇప్పుడు తెలిసింది. తెలిసినంక ఇంకోటి మనసుకు పడ్తలేదు."

ఆయన మళ్లీ రెండుసార్లు ఇంటికొచ్చాడు. ఆమె చాయ్ ఇచ్చింది గాని మేడమీది ఆయన గదికి మాత్రం పోలేదు. దసరా దాటాక రాజారాం పనిచేసే కార్ఖానాలో మగ్గాలు సగం ఆగి, ఇంట్లోకి వచ్చే కూలి తగ్గింది. ఆ వారమే చంద్రభాగ బీడీ కార్ఖానాకు వెళ్లి ఆకు, తంబాకు తెచ్చుకుంది. మొదట్లో ఆకు చినిగేది. తర్వాత తర్వాత చేయి తిరిగింది. చలికాలానికి దగ్గు పట్టుకుంది.

ఒక మధ్యాహ్నం పక్కింటి ద్రౌపది వచ్చి గడప మీద కూర్చుంది. ఆమె మొగుడికీ పని పోయింది. ఏం చేయాలో తోచక ఇంట్లోనే ఉంటున్నాడు. "మురళీధర్ సార్ తాన్కి పొమ్మందునా అక్కా? నువ్వు పోయినవు గదా. ఏమన్న ఫాయిదా ఉన్నదా?"

చంద్రభాగ కత్తెర కింద పెట్టింది. సార్ మంచోడు, అబద్ధం చెప్పడు. కానీ ఏం కావాలో తెలిశాకే తనకు ఇంకోటి మనసుకు పట్టకుండా పోయింది. పొమ్మనాలా, వద్దనాలా?

"నాకేం ఎర్కనే" అని, తడిపిన ఆకుల్లోంచి ఇంకొకటి తీసుకుంది.