కాకినాడ చేరని కప్పల అరుపులు

ఝాన్సీ అమలాపురంలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో జువాలజీ చెబుతుంది. ఉండేది కొత్తపేటలో, వీరమ్మగారి మేడ మీద పోర్షన్లో. పెళ్ళి చేసుకోలేదు. తల్లి మేరీ ఉన్నంతకాలం అదొక లోటుగా ఎప్పుడూ అనిపించలేదు. ఆవిడ పోయాక ఇంట్లో మనిషి గొంతు వినిపించడం మానేసింది. బస్సులో కండక్టరుతో, క్లాసులో పిల్లలతో, ఆదివారం చర్చిలో పక్కన కూర్చున్నవాళ్ళతో నాలుగు మాటలు మాట్లాడుతుంది. సాయంత్రం తాళం తీసి లోపలికి వచ్చిందంటే మళ్ళీ పొద్దున్న బస్సెక్కేదాకా నోరు విప్పే అవసరమే ఉండదు.

ఆమెకున్న పిచ్చి ఒక్కటే, కప్పలు. తొలకరి పడ్డాక సాయంత్రాలు పొలం గట్ల మీద తిరిగి వాటి అరుపులు రికార్డు చేసేది. మేరీ చిన్నతనంలో తన తల్లి వెంట ఊడ్పులకు వెళ్ళిన మనిషి, గట్ల మీద నడక ఆవిడకు కొత్త కాదు. గొడుగు పట్టుకుని కూతురి వెనకే నడిచేది. బోదురుకప్పలు, చెట్టుకప్పలు, వరిదుబ్బుల్లో దాక్కునే గోరంత కప్పలు, అన్నిటి గొంతులూ అలా పోగయ్యాయి.

తల్లి పోయాక ఆ ఖాళీ సాయంత్రాల్లో కూర్చుని ఝాన్సీ వాటితో స్లైడ్లు తయారు చేసింది. ఒక్కో స్లైడు మీద ఒక కప్ప ఫోటో, కింద మూలన చిన్న స్పీకరు గుర్తు. దాన్ని నొక్కితే ఆ కప్ప అరుస్తుంది. నిజానికి అరుపులు స్లైడ్లలో లేవు. ల్యాప్‌టాప్‌లో వేరే ఫోల్డర్లో ఉన్నాయి. నొక్కగానే అక్కడినుంచి తెచ్చుకునేలా లింకులు పెట్టింది.

జులైలో కాకినాడలో లెక్చరర్ల సదస్సు జరిగింది. అందులో ఆమెకీ కాస్త సమయం ఇచ్చారు. తీరా ముందురోజు జ్వరం వచ్చి పడింది. అదే సదస్సుకు వెళ్తున్న తమ కాలేజీ బోటనీ లెక్చరర్ దుర్గాశ్రీనివాస్‌కి ఫోన్ చేసింది.

“నేను రాలేనండి శ్రీనివాస్ గారూ. స్లైడ్లు మీకు మెయిల్ చేస్తాను. స్పీకరు గుర్తు మీద నొక్కండి చాలు. మిగతాది కప్పలే చెప్పుకుంటాయి.”

“ఆయ్, అలాగేనండి మేడమ్. మీరు రెస్టు తీసుకోండి, నేను చూసుకుంటాను.”

మర్నాడంతా ఫోను తలగడ పక్కన పెట్టుకుని పడుకుంది. సాయంత్రం శ్రీనివాస్ మెసేజ్ పెట్టాడు. ‘బాగా జరిగిందండి మేడమ్.’ అంతే ఉంది అందులో. ఏ అరుపుకి ఎవరేమన్నారో అడగాలని ఉంది. అలిసిపోయి వచ్చి ఉంటాడులే అని ఊరుకుంది.

జ్వరం తగ్గాక లెక్చరర్ల వాట్సాప్ గ్రూపులో ఒక వీడియో కనిపించింది. శ్రీనివాస్ స్టేజీ మీద ఉన్నాడు. వెనక తెర మీద ఝాన్సీ పంపిన బోదురుకప్ప. స్పీకరు గుర్తు నొక్కాడు. ఫైలు దొరకడం లేదని తెర మీద వచ్చింది. మళ్ళీ నొక్కాడు, మళ్ళీ అదే. హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. పాపం, అతను మొహం తుడుచుకుని, ఏం చెయ్యాలో తోచక మైకు దగ్గరికి వంగి తనే బెకబెకమన్నాడు. హాలంతా ఒకటే నవ్వులు. తర్వాతి కప్పకి గొంతు మార్చి ఇంకోలా అరిచాడు. చప్పట్లు కొట్టారు. వీడియో కింద నవ్వుతున్న బొమ్మలు వరసగా పెట్టారు.

ఝాన్సీకి నవ్వు రాలేదు. కోపమూ రాలేదు. తను పంపిన మెయిల్ తెరిచి చూసుకుంది. స్లైడ్లు మాత్రమే వెళ్ళాయి. అరుపుల ఫోల్డరు ఇక్కడే ఉండిపోయింది. తన ల్యాప్‌టాప్‌లో ఎప్పుడు నొక్కినా పలుకుతుంది కాబట్టి ఎక్కడైనా పలుకుతుందనుకుంది. ఇన్నాళ్ళలో ఇంకొకరి కంప్యూటర్లో దాన్ని ఒక్కసారైనా తెరిచి, ‘ఇదిగో, వినండి’ అని చూపించి ఉంటే అప్పుడే తెలిసిపోయేది. ఎవరికి చూపించి ఉండాల్సింది? ఒక్క పేరైనా తడుతుందేమోనని చాలాసేపు ఆలోచించింది. కాకినాడలో జరిగినదానికన్నా అదే ఆమెను ఎక్కువ కుంగదీసింది.

ఆదివారం చర్చి నుంచి వచ్చి, స్లైడ్లనీ అరుపులనీ ఒకే ఫోల్డర్లోకి చేర్చి, లింకులన్నీ మళ్ళీ పెట్టి, పెన్‌డ్రైవ్‌లో ఎక్కించింది. సోమవారం స్టాఫ్‌రూమ్‌లోకి ఆమె రావడం చూసి శ్రీనివాస్ గబుక్కున లేచి నిలబడ్డాడు.

“సారీ అండి మేడమ్. చెబుదామనే అనుకున్నానండి. అసలే ఒంట్లో బాగోలేదు కదా అని...”

“మీ తప్పేం లేదండి. అరుపులు పంపడం నేనే మర్చిపోయేను. ఒకసారి మీ సిస్టమ్‌లో తెరుస్తారా? పలుకుతాయో లేదో చూద్దాం.”

ఆమె కుర్చీ లాక్కుని అతని పక్కన కూర్చుంది. బోదురుకప్ప గట్టిగా అరిచింది. పేపర్లు దిద్దుకుంటున్నవాళ్ళు తలెత్తి చూశారు. చెట్టుకప్ప పలికింది. తర్వాతిది వరిచేలో చిన్న కప్ప. సన్నగా, గబగబా అరుస్తుంటే మధ్యలో ఒక ఆడమనిషి గొంతు వినిపించింది. “అయ్యిందా లేదా ఏమే? దోమలు పీకేస్తన్నాయి.”

శ్రీనివాస్ ఉలిక్కిపడ్డాడు. “ఎవరండీ?”

“మా అమ్మగారండి.”

“ఆ ముక్క కోసెయ్యలేదేంటండి?”

“కోస్తే కప్ప కూడా పోతుందండి, రెండూ కలిసిపోయేయి. మళ్ళీ రికార్డు చేద్దామంటే ఆ చేను రొయ్యల చెరువుకి తవ్వేసేరు.”

అతను మౌస్‌ని మళ్ళీ ఆ స్పీకరు గుర్తు మీదికి తెచ్చాడు. తర్వాత మెల్లిగా అడిగాడు. “ఇంకోసారి వెయ్యమంటారా అండి?”

“వెయ్యండి,” అంది ఝాన్సీ.

మరో నెలకి శ్రీనివాస్‌కి గవర్నమెంటు ఉద్యోగం వచ్చి వైజాగ్ వెళ్ళిపోయాడు. సెప్టెంబరులో రామచంద్రపురంలో సైన్సు టీచర్ల సమావేశానికి ఆమె ఒక్కతే వెళ్ళింది. ముందే వెళ్ళి, అక్కడి కంప్యూటర్లో అన్నీ నొక్కి చూసుకుంది. ఒక్క అరుపూ తప్పలేదు. మేరీ దోమల మాటకి అందరూ నవ్వారు, ఈసారి ఝాన్సీ కూడా నవ్వింది. రికార్డింగులు కావాలని ముగ్గురు నలుగురు అడిగి తీసుకున్నారు. తిరిగి వస్తూ బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఇదంతా ఎవరికి చెప్పాలా అని చూసింది. పక్క సీటు మనిషి నిద్రపోతోంది.

ఇంటికి చేరేసరికి కింద అరుగు మీద వీరమ్మగారు కూర్చుని ఉంది. “ఏమ్మా, ఇవాళ ఆలస్యమయ్యింది?”

“మీటింగుందండి. కప్పల గురించి చెప్పేను.”

“కప్పల గురించి చెప్పడానికేముందమ్మా, అరుస్తాయి.”

“ఆయ్, ఆ అరుపులేనండి. వింటారా?”

“ఏదీ, పెట్టు.”

ఝాన్సీ మెట్టు మీద కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచింది. రెండో కప్ప ఇంకా అరుస్తూనే ఉంది, లోపల కుక్కరు కూత వేసింది.

“ఉండమ్మా, పప్పు అడుగంటేస్తుంది,” అంటూ వీరమ్మగారు లేచి లోపలికి వెళ్ళింది.

ఝాన్సీ కొంతసేపు ఆవిడ కోసం చూసింది. లోపల టీవీ పెట్టిన చప్పుడు వినిపించాక ల్యాప్‌టాప్ మూసి మేడ మీదికి వెళ్ళింది. లైటు వేసి, చీర మార్చుకుని, ఒక్కరికి సరిపడా బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టింది.