ఆ పడవని జారనివ్వలేదు

లాక్‌డౌన్లు ముగిసిన మరుసటి ఏడు జూన్ నెలలో నన్ను మా కంపెనీ అమలాపురం శాఖకి యానిమేషన్ లీడ్‌గా వేశారు. వేశారనడం కంటే అడిగి వేయించుకున్నానంటే సరిగ్గా ఉంటుంది. మాది రాజోలు దగ్గర పల్లె. నాన్నగారు మిషన్ స్కూల్లో టీచరు. నేను కార్టూన్ బొమ్మలు చేత్తో గీసే రోజుల్లో హైదరాబాదు వెళ్ళి, ఆ పని పోయాక వీడియో గేముల్లోకి మారి, ఉద్యోగం ఆఖరి దశలో సొంత గాలికి తిరిగొచ్చాను. బస్టాండుకి దగ్గర్లో ఒక బట్టలషాపు మీద రెండో అంతస్తు మా ఆఫీసు. వరదలొచ్చినప్పుడు కరెంటు పోయేది గాని, మనుషులు మాత్రం గట్టివాళ్ళు.

యానిమేషన్ లీడ్ అంటే ఆటలో బొమ్మలకి నడక, పరుగు, దెబ్బ, చావు అన్నీ తయారుచేసే జట్టుకి పెద్ద. ఆ కదలికల్ని ఆటగాడి మౌసుకి ముడిపెట్టేవాడు గేమ్‌ప్లే ప్రోగ్రామరు. మా శాఖలో ఆ పని సత్తిబాబుది. కాట్రేనికోన కుర్రాడు, వాళ్ళింట్లో అందరూ రొయ్యల చెరువుల మీద ఉంటే ఇతనొక్కడు కంప్యూటరు పట్టుకున్నాడు. మా ఇద్దరి మీదా ప్రొడ్యూసరు ఉంటాడు. గడువులు, మనుషులు, ఏ పని ఎవరికివ్వాలి అన్నవన్నీ ఆయన చేతిలో ఉంటాయి. మా ప్రొడ్యూసరు శ్రీధర్ గారు హైదరాబాదులో కూర్చునేవారు. తెలివైనవాడు, కష్టపడేవాడు. ఆయనతో నాకు పడలేదు.

ఆ ఏడు మాకు వచ్చిన పని ఒక స్ట్రాటజీ గేము. అంటే ఆటగాడు ఆకాశంలోంచి చూస్తున్నట్టు కింద యుద్ధభూమిని చూస్తూ, సైన్యాలకి ఆజ్ఞలిచ్చే ఆట. ఏ గుంపునో ఎంచుకుని ఎక్కడికి పోవాలో అక్కడ మౌసు నొక్కితే, ఆ గుంపు బయల్దేరాలి. కథంతా నదీపాయల మధ్య ఉండే కల్పిత రాజ్యాలది కాబట్టి పడవల దళం మాకిచ్చారు. ఇంతకంటే తగినవాళ్ళు దొరుకుతారా అని నేనే గొప్పలు పోయాను.

పడవని చేసింది దుర్గ. కపిలేశ్వరపురం అమ్మాయి. వాళ్ళ పొలం ఏటికి అవతల, నీళ్ళ మధ్య దిబ్బలాంటి లంకలో ఉంది, చిన్నప్పట్నుంచీ పడవెక్కి దిగిన మనిషి. పెళ్ళయి, భర్త మస్కట్‌లో ఉంటే, చిన్నపిల్లతో అత్తగారింట్లో ఉంటూ అమలాపురం వచ్చి పోయేది. ఈ శాఖ లేకపోతే ఆవిడకి ఈ వృత్తే లేదు. హైదరాబాదుకి మకాం మార్చే వీలు ఆ ఇంట్లో లేదని మా అందరికీ తెలుసు.

ఆవిడ చేసిన పడవని ఇప్పటికీ కళ్ళ ముందు చూడగలను. మనిషి పడవ తోసే పొడుగాటి గెడ ఎత్తుతాడు, నీళ్ళలో దింపుతాడు, అడుగున నేల తగిలేదాకా ఒక్క క్షణం తడుముకుంటాడు, అప్పుడు ఒంటి బరువంతా దాని మీద వేసి వెనక్కి నడుస్తాడు. పడవ ముందు కాస్త మొరాయించి, తర్వాత కదులుతుంది. కదలడానికి ముందు ఒళ్ళు కూడగట్టుకునే ఆ భాగాన్ని మా భాషలో యాంటిసిపేషన్ అంటాం. బరువు కనబడేది అక్కడే. అది తీసేస్తే ఏనుగు కూడా అట్టముక్కలా ఉంటుంది.

మా ఆఫీసులో అందరం ఆడి చూశాం. బ్రహ్మాండంగా ఉంది. హైదరాబాదు పంపాం.

అక్కడ ప్లేటెస్టు చేశారు. బయటి మనుషుల్ని కూర్చోబెట్టి ఆట ఆడించి వాళ్ళేమన్నారో రాసుకోవడాన్ని ప్లేటెస్టు అంటారు. ఫలితం ఒక్క ముక్కలో వచ్చింది: పడవలు మాట వినడం లేదు. శ్రీధర్ గారి ఆజ్ఞ దాని వెనకే వచ్చింది. యాంటిసిపేషన్ మొత్తం కొట్టెయ్యండి, నొక్కగానే పడవ పోవాలి, గెడ ఊపుడు దాని మీద అలంకారంగా ఉంటే చాలు.

ఆయన వాదన తీసిపారేసేది కాదు, దాన్ని ఇక్కడ పూర్తిగా చెప్పడం న్యాయం. స్ట్రాటజీ ఆటలో ఆటగాడి చేతిలో ఒక మనిషి కాదు, దండు ఉంటుంది. అతను పైనుంచి చూస్తుంటాడు, గెడ పట్టిన చేతులు అతనికి అగ్గిపుల్లలంత. బాణాలు పడుతున్నప్పుడు వెనక్కి రమ్మంటే వెనక్కి రావాలి. గెడకి నేల తగిలేదాకా ఆగితే అంతలో పడవ మునుగుతుంది, ఆటగాడు తన తప్పు లేకుండా ఓడిపోతాడు, మళ్ళీ ఆ ఆట మొహం చూడడు. అందంగా కదిలి మాట వినని సైన్యం కంటే, అందం లేకపోయినా మాట వినే సైన్యం మేలు అని ఆయన సిద్ధాంతం. ఈ రంగంలో సగం మంది అదే అంటారు.

ఆయన చెప్పినట్టు ఒకసారి సత్తిబాబు చేసి చూపించాడు. బట్ట మీద ఇస్త్రీపెట్టె తోసినట్టు పడవ నీళ్ళ మీద జారిపోయింది. పైన మనిషి గెడ ఊపుతున్నాడు, దానికీ పడవకీ ఏ సంబంధమూ లేదు. దుర్గ తెర వైపు చూడటం మానేసింది. నేను చెయ్యనని చెప్పేశాను.

వీడియో మీటింగులో మళ్ళీ అదే చెప్పాను. శ్రీధర్ గారు ఓపిగ్గానే విని, రెండు మాటలు అన్నారు. మొదటిది, వచ్చే ప్లేటెస్టులో కూడా పడవ తప్పితే యానిమేషన్ పని హైదరాబాదుకి తెచ్చుకుంటామని, అమలాపురం శాఖ ఉంచే అవసరం అప్పుడు ఉండదని. రెండోది, కొబ్బరితోటల మధ్య కూర్చుని చూస్తే జనం ఇప్పుడు ఎలా ఆడుతున్నారో తెలియడం కష్టమేనని, నా వయసు కూడా అందులో ఒక కారణం కావచ్చని. ఆయన ఆ మాట మర్యాదగానే అన్నారు. మర్యాదగా అన్నందుకు నాకు ఇంకా మండింది. వయసు గురించి తర్వాత మాట్లాడుకుందాం, ముందు ఆ ప్లేటెస్టు వీడియోలు పంపమన్నాను. రిపోర్టు పంపాం కదా అన్నారు. రిపోర్టు నాకొద్దు, ఆడినవాళ్ళ చేతులు చూడాలి అని పట్టుబట్టాను. పంపే దాకా వదల్లేదు.

వీడియోలు వచ్చాయి. దుర్గ, సత్తిబాబు, నేను ఒక తెర ముందు కూర్చున్నాం. ఒక మూల ఆట, ఇంకో మూల ఆడేవాడి చెయ్యి. అతను పడవని ఎంచుకుని అవతలి ఒడ్డు మీద నొక్కాడు. మనిషి గెడ ఎత్తాడు. అతను మళ్ళీ నొక్కాడు. మనిషి మళ్ళీ మొదట్నుంచి గెడ ఎత్తాడు. ఆడేవాడికి కోపం వచ్చి టకటకా నొక్కుతూనే ఉన్నాడు, పైన మనిషి గెడ ఎత్తుతూ దింపుతూ ఉన్నాడు, పడవ ఉన్నచోటే ఉంది. తర్వాతి వీడియోలోనూ అదే. ఆ తర్వాతదీ అంతే.

దుర్గ నిజంగా అర్థంకాక నా వైపు తిరిగింది.

"మేడం గారండీ, వస్తున్నాడు కదండీ. మరి అన్నిసార్లు ఎందుకు పిలుస్తున్నారండీ?"

ఈ ప్రశ్నలోనే మా తిప్పలన్నీ ఉన్నాయి. సత్తిబాబు కోడు తెరిచి చూసి తల పట్టుకున్నాడు. కొత్త ఆజ్ఞ వచ్చినప్పుడల్లా పాత కదలికని రద్దుచేసి మొదటి ఫ్రేము నుంచి, అంటే కదలికలోని మొట్టమొదటి బొమ్మ నుంచి, మొదలుపెట్టేలా రాసి ఉంది. చాలా ఆటల్లో అలాగే రాస్తారు, చిన్న కదలికలకి అది ఇబ్బంది పెట్టదు. మాకు పట్టుబడకపోవడానికి కారణం ఇంకోటి. ఇంతకాలం ఇంతమందిమి ఆడి చూసినా, మా ఆఫీసులో ఒక్కరం కూడా రెండోసారి నొక్కలేదు.

ఎందుకు నొక్కలేదో చెప్పాలంటే లంకల రేవు సంగతి చెప్పాలి. పడవ అవతలి ఒడ్డున ఉంటే ఇవతల్నుంచి ఒక కేక వేస్తాం. పడవాయన వెంటనే గెడ పైకెత్తి చూపిస్తాడు, లేదా ఓ అని బదులు కేక వేస్తాడు. అంతే. తర్వాత ఆయన చుట్ట ఆర్పుతాడో, తాడు విప్పుతాడో, ఇంకో మనిషి ఎక్కేదాకా ఆగుతాడో, ఇటు ఎవరూ మాట్లాడరు. రెండోసారి కేక వేస్తే పక్కవాళ్ళే మందలిస్తారు, వస్తానన్నాడు కదండీ అని. మేమంతా ఆ రేవుల్లో పెరిగినవాళ్ళం. తెర మీద పడవని ఒకసారి పిలిచి, వస్తాడులే అని చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాం.

కాని మా పడవాయన గెడ ఎత్తి జవాబు చెప్పాడా? లేదు. దుర్గ ప్రయాణాన్ని చేసింది గాని, ప్రయాణానికి ముందుండే జవాబుని చెయ్యలేదు. అది మాకు లోపంగా కనబడలేదు, ఎందుకంటే ఆ జవాబు మా చెవుల్లో ఎలాగూ ఉంది. నగరంలో కూర్చుని ఆడినవాడికి అది లేదు. పిలిచాడు, ఎవరూ పలకలేదు, మళ్ళీ పిలిచాడు. నేనైనా అదే చేసేదాన్ని.

మర్నాటి మీటింగుకి నేను గొడవకి సిద్ధపడే వెళ్ళాను. శ్రీధర్ గారు నిర్ణయం ఏమైందని అడిగారు. నేను కుండబద్దలు కొట్టినట్టే చెప్పాను.

"పడవలో నిజం ఎక్కువైందని మీరంటున్నారండీ. తక్కువైందని నేనంటున్నాను. ఇంకొంచెం కలుపుతాను, ఒక్క ఫ్రేము కూడా తియ్యను."

ఆయన, అలాగే కానివ్వండి, వచ్చే ప్లేటెస్టే తేలుస్తుంది, కాని మనం అనుకున్న మాట మారదు అన్నారు. అంటే శాఖ మూసే మాట. సరేనన్నాను. మీటింగు అయ్యాక సత్తిబాబు నీళ్ళు నమిలి, ఒక్క ఫ్రేము కూడా అని ఒట్టు పెట్టకుండా ఉండాల్సిందేమోనండీ అన్నాడు. అతని భయం న్యాయమైనదే. పందెంలో పెట్టింది నా ఉద్యోగం కాదు, వాళ్ళది. నాకు రిటైరయ్యే వయసు వచ్చేసింది. అది తెలిసీ నేను వెనక్కి తగ్గలేదు, ఎందుకంటే జారే పడవ చేసి బతికిన శాఖ ఆ తర్వాత చేసేవన్నీ జారే బొమ్మలే అవుతాయని నాకు గట్టిగా అనిపించింది. దుర్గని పిలిచి నీ అభిప్రాయమేంటని అడిగాను. గెడకి నేల తగలాలండీ, అంది.

పనిలోకి దిగాం. మౌసు నొక్కిన ఆ ఫ్రేములోనే పడవాయన తల అటు తిప్పి, గెడ నిలువుగా పైకెత్తుతాడు. పైనుంచి చూసినా కనబడేలా గెడ కొసకి ఎర్ర గుడ్డ కట్టించాను. అదే క్షణంలో గొంతు వినబడాలి. ఏమనిపించాలని తర్జనభర్జన పడక్కర్లేకుండా సత్తిబాబు మైకు ముందు నిలబడి "ఆయ్" అన్నాడు. మా వైపు ఎవరేం చెప్పినా ముందు పడేది ఆ మాటే, పని తర్వాత జరుగుతుంది. బద్ధకంగా ఒకసారి, హుషారుగా ఒకసారి, యుద్ధంలో గొంతు బొంగురుపోయి ఒకసారి అనిపించాం. ఆ తర్వాత గెడ తన తీరున దిగుతుంది, నేల వెతుక్కుంటుంది, పడవ మొరాయించి కదులుతుంది. అక్కడ దేన్నీ ముట్టుకోలేదు. రెండోసారి నొక్కితే కదలిక మొదటికి పోకుండా, వెళ్ళాల్సిన చోటు మాత్రం మారేలా సత్తిబాబు కోడు తిరగరాశాడు. గెడ నీళ్ళలో ఉండగా ఆజ్ఞ మారితే ఆ గెడ మీదే ఒళ్ళు తిప్పి పడవని మళ్ళించే కదలిక దుర్గ కొత్తగా చేసింది. బాణాలు పడుతున్నప్పుడు వెనక్కి రావడానికి అదే పనికొచ్చింది. శ్రీధర్ గారి వాదనలో నిజమున్న భాగానికి మేమిచ్చిన సమాధానం అది.

అన్నింట్లోనూ నేను నెగ్గానని ఎవరూ అనుకోవద్దు. గుర్రాల దళం హైదరాబాదు వాళ్ళు చేశారు. వాటి యాంటిసిపేషన్ కొట్టేసి వదిలారు. ఆ గుర్రాలు ఇప్పటికీ నేలకి తగలకుండా పరిగెడతాయి. ఆ ఆట ఎవరైనా ఆడుతుంటే, గుర్రాలొచ్చినప్పుడు నేను తల తిప్పుకుంటాను.

రెండో ప్లేటెస్టు జరిగింది. ఈసారి నేను అడగకుండానే చేతుల వీడియోలు వచ్చాయి. ఆడేవాడు నొక్కాడు, ఎర్ర గుడ్డ లేచింది, ఆయ్ అని వినబడింది. అతను ఆ పడవని వదిలేసి ఇంకో దళం వైపు వెళ్ళిపోయాడు. రెండోసారి నొక్కలేదు. ఆ చెయ్యి అలా పక్కకి వెళ్ళిపోవడం చూసి దుర్గ కళ్ళు తుడుచుకుంది.

సాయంత్రం శ్రీధర్ గారు సత్తిబాబుకి ఫోను చేశారు. పడవల వేగం చాలా పెరిగిందని ఆడినవాళ్ళందరూ రాశారట. వేగం ఎంత పెంచారో చెబితే మిగతా దళాలకీ అంతే పెంచుదామని అడిగారు.

"ఏం పెంచలేదండీ" అన్నాడు సత్తిబాబు. "అప్పుడెంతో ఇప్పుడూ అంతేనండి."

శాఖ మూసే మాట మళ్ళీ రాలేదు. ఏడాది తర్వాత నేను రిటైరయ్యాను, నా కుర్చీలో ఇప్పుడు దుర్గ ఉంది.

ఈ వ్యవహారం నాకు నేర్పిన సంగతి పెద్దదేమీ కాదు. సహజమైన కదలిక కావాలా, చురుకైన ఆట కావాలా అని ఎవరైనా మిమ్మల్ని రెంటిలో ఒకటి ఎంచుకోమంటే ఎంచుకోకండి. పిలిచినవాడికి వెంటనే పలకాలి. పలికాక, పడవకి పట్టే సేపు పడవకి ఇవ్వాలి. దీన్ని కాదనేవాళ్ళు ఈ రంగంలో ఇంకా చాలామంది ఉన్నారు. వాళ్ళని ఒకసారి మా లంకల రేవుకొచ్చి, ఇవతలి ఒడ్డు నుంచి ఒక్క కేక వేసి చూడమనండి.