గడపకు ఏ బిట్టు

కొత్తచెరువులో రోడ్డు పక్కన రేకుల షెడ్డులో వడ్రంగం చేసే యేసన్న, కొయ్య అంచులు చెక్కే రూటర్ మిషన్ బిట్లన్నిటినీ ఒక చెక్కకు బెజ్జాలు పెట్టి నిలబెట్టుకుంటాడు. నేరుగా గాడి కోసేవి, అంచును గుండ్రంగా తీసేవి, అలలుగా చెక్కేవి. వాటి పక్కనే ఒక పసుపు డబ్బా. చర్చికి పోయే మనిషికి ఈ పసుపెందుకని ఒకసారి అడిగాను.

"మా ఇంట్లో గడపకు పసుపు పూయరన్నా. అందుకే తెలీకపాయ. సోమందేపల్లెలో ఒకాయమ్మకు గడపంతా అలల బిట్టుతో చెక్కినాను. ఏడాదికి పోయి చూస్తే, ఆయమ్మ పిన్నీసు పెట్టి గాడుల్లో పసుపు గీకుతాండాది. సిగ్గయిపాయ."

ఆ డబ్బాతో ఏం చేస్తాడో మొన్న నల్లమ్మ గడప చేయించుకోడానికి వేప మొద్దుతో వచ్చినప్పుడు చూశాను. బోరు ఎండాక ఆమె పెరటి వేపచెట్టూ ఎండిపోయింది. కోయిస్తే లోపలంతా తొర్ర. గడపకు పనికొచ్చే మొద్దు ఒక్కటే దక్కింది. కొత్తింటికి అదే పెట్టాలని ఆమె పట్టు.

"అలల బిట్టే పెట్టప్పా. పుట్టపర్తిలో మా చెల్లెలింట్లో అట్లే ఉండాది."

"ఒకసారి కోస్తే మళ్ళా అతికేది కాదు నల్లమ్మక్కా. ఇంకో మొద్దు యాడ తెస్తావు?"

"నువ్వు కొయ్యడానికి ఉండావా, భయపెట్టడానికి ఉండావా?"

యేసన్న మొద్దును పక్కన పెట్టాడు. ఒక వేప తునక తీసుకుని, ఒక అంచు అలల బిట్టుతో, రెండోది గుండ్రటి బిట్టుతో తీశాడు. రెండింటికీ తడిపసుపు పూసి ఎండలో పెట్టాడు. బాగా ఆరాక తడిగుడ్డ ఆమె చేతికిచ్చాడు. గుండ్రటి అంచు నాలుగు తుడుపులకు తేటపడింది. అలల గాడిలో పసుపు మాత్రం అట్లాగే కూర్చుంది. నల్లమ్మ గోటితో గీకి చూసి, గోరు చూసుకుంది.

"మా చెల్లెలు శుక్రవారం పొద్దున ఫోనెందుకు ఎత్తదో ఇప్పుడు తెలిసె. గుండ్రందే పెట్టు."

ఎండిన వేప గట్టిది. ఒకేసారి లోతుగా కోస్తే మాడుతుందని మూడుసార్లుగా కోశాడు. కొయ్యలో ముడి తగిలి మిషన్ శబ్దం మారగానే ఆపి, బిట్టును కొద్దిగా పైకి తీసి మళ్ళీ మొదలుపెట్టాడు. అంతసేపూ నల్లమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. పెచ్చు లేవకుండా అంచు పూర్తయింది.

ఆమె చెప్పులు విడిచి, గడప మీద కాలు పెట్టబోయి వెనక్కి తీసుకుంది.

"తొక్కి చూడక్కా. ఇంటికి పోయినంక నిన్నెవరూ తొక్కనీరు," అన్నాడు యేసన్న.

నల్లమ్మ రెండు పాదాలూ పెట్టి ఎక్కి నిలబడింది. బొటనవేలితో అంచును ఈ చివరి నుంచి ఆ చివరి దాకా తడిమింది. ఎంతసేపటికీ దిగలేదు.