మా నాన్న ఉప్పు, యాదమ్మ గొర్రెపోతు

నాలుగు నెలలు పెంచిన పంటను నాలుగు నిమిషాల్లో ఎలా నాశనం చేయవచ్చో తెలుసుకోవాలంటే సూర్యాపేటలో మా ఇంటికి రండి, నేర్పిస్తాను. మీరు హాయిగా నవ్వుకోండి. నాకు మాత్రం ఇప్పటికీ నవ్వు రాదు.

ఆ వానాకాలం మా నాన్న బీపీ పెరిగి ఆసుపత్రిలో పడ్డాడు. డాక్టరు ఉప్పు బాగా తగ్గించమన్నాడు. నాన్న చివ్వెంల దగ్గర బతుకంతా గొర్రెలు కాసిన మనిషి. మోకాళ్లు మొరాయించి, మందను అమ్మేసి నా దగ్గరికి వచ్చినప్పుడే ఆయన మాటలు సగం పోయాయి. ఉప్పు పోయేసరికి మిగతా సగమూ పోయాయి. రెండు ముద్దలు తిని కంచం జరిపేసేవాడు. మనిషి రోజురోజుకూ చిక్కిపోతుంటే నాకు భయం పట్టుకుంది.

అప్పుడు ఫోన్లో ఒక వీడియో కనిపించింది. సెలరీ అట. చూడ్డానికి కొత్తిమీరకు పెద్దన్నలా ఉంది. కాడలు మాత్రం ఎరుపు, గులాబీ, పసుపు. ఆ కాడలను సన్నగా తరిగి పప్పులో వేస్తే కాస్త ఉప్పదనం దానంతట అదే వస్తుందట. విత్తనాలు తెప్పించి, డాబా మీద పాత పెయింటు బకెట్లలో చల్లాను. మూడు వారాలు ఒక్క మొలకా లేదు. మట్టికి కూడా డాక్టరు ఉప్పు మాన్పించాడేమో, చప్పగా పడి ఉంది.

మొలకలొచ్చాక నాన్న మారాడు. పొద్దున్నే మెల్లగా మెట్లెక్కి తనే నీళ్లు పోసేవాడు.

"ఇంకెన్నొద్దులు బిడ్డా?"

"కాడ బొటనవేలంత లావు గావాలె నాయినా."

"నేనుండంగనే అయితదా?"

నేను నవ్వేసి కిందికొచ్చి, వంటింట్లో ఏడ్చాను.

కోత రోజు రానే వచ్చింది. రంగురంగుల కాడలను ఆకులతో సహా కోసుకొచ్చి చేట ముందు కూర్చున్నాను. సరిగ్గా అప్పుడే మిర్యాలగూడ నుంచి మా చెల్లె ఫోను. అది మొదలుపెట్టిందంటే పొయ్యి మీద అన్నం మాడాల్సిందే. నా నోరు దానితో మాట్లాడుతోంది. ఏళ్ల తరబడి పుంటికూర, మెంతికూర తుంచిన చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. ఆకులు చేటలోకి, కాడలు గంపలోకి! మా వీధిలో ఆకుకూరల కాడలన్నీ పక్కింటి యాదమ్మ పెంచుకునే గొర్రెపోతుకే. ఆమె రోజూలాగే వచ్చి గంప ఎత్తుకుపోయింది.

ఫోను చెవి దగ్గర పెట్టుకునే చేటలోని ఆకులతో పప్పు వండి, వడ్డించాను. నాన్న అన్నంలో కలిపి, వేళ్లతో వెతికాడు.

"ఎర్ర కాడలేవి బిడ్డా?"

యాదమ్మ ఎత్తుకుపోయిన గంప అప్పుడు గుర్తొచ్చింది. చెప్పుల్లేకుండా ఉరికాను.

"యాదమ్మా! కాడలేవి?"

"గీడనే ఏసిన. ఎంత ఇష్టంగ తిన్నదో సూడు! రేపు గూడ ఉంటయా?"

గొర్రెపోతు నన్ను చూస్తూనే ఆఖరి గులాబీ కాడను తాపీగా నమిలింది.

తిరిగొచ్చి గడపలోనే కూలబడ్డాను.

"గొర్రె తిన్నది నాయినా. మొత్తం తిన్నది."

నాన్న పప్పులోంచి ఒక ఆకును తీసి, అటూ ఇటూ తిప్పి చూశాడు.

"బతుకంత గొర్ల ఎనక తిరిగితి. అమ్మినంక ఒదిలినయ్ అనుకుంటి. ఆఖర్కి నా ఉప్పు గూడ గొర్రెకే పెట్టినవ్," అన్నాడు.

ఆ తర్వాత, చేదెక్కిన ఆ ఆకు పప్పుతోనే కంచం ఖాళీ చేశాడు. నా ఏడుపు చూడలేకే తిన్నాడని నాకు తెలుసు.

అందుకే వెంటనే ఉప్పు డబ్బా తెచ్చి, దాని మీద చెయ్యి పెట్టి గంభీరంగా ప్రమాణం చేశాను. "ఇగ నీకు సూపియ్యకుంట ఏ మొక్క కాడైనా ఈ ఇంటి గడప దాటదు నాయినా!"

నాన్న డబ్బా వైపు ఆశగా చూశాడు.

"మూత తీసి లోపల చెయ్యి పెట్టు బిడ్డా, ప్రమాణం ఇంక గట్టిగుంటది. పెట్టినంక గదే చెయ్యితోని నాకొక్క ముద్ద కలుపు."