బండి కింద మా మస్తాను

ఈ రోజు మా అబ్బాయి మస్తాను ఇంటి ముందే పికప్ వ్యానుకి సైలెన్సరు బిగించడానికి పూనుకున్నాడు. జాకీ లేదు. ఉన్నవి రెండు పానాలు, ఒక సుత్తి. దుంగ వేసి బండిని లేపి, వెనక చక్రాల కింద నాపరాళ్లు పేర్చి, కిందికి దూరాడు. నాపరాయి పొరలుగా విడిపోతుందని నా భయం. అందుకే వాడి కాళ్ల దగ్గర కూర్చుని పిలుస్తూనే ఉన్నాను.

"ఒరేయ్, ఉన్నావా?"

"ఉన్నాలేమ్మా! యాడికి పోతా?"

ఒకసారి పలకలేదు. మళ్లీ పిలిచినా పలకలేదు. రెండు కాళ్లూ పట్టుకుని బయటికి లాగేశాను. దగ్గుతూ లేచి కూర్చున్నాడు.

"నోట్లో నట్టు పెట్టుకున్నానమ్మా! ఎట్టా పలికేది?"

"ఏదిరా ఆ నట్టు?"

"ఇంకేం నట్టు? నువ్వు లాగితే మింగేశా!"

డాక్టరుకి చూపిస్తే, చిన్నదే, దానంతటదే పోతుందిలే, అరటిపండ్లు పెట్టమన్నాడు. పెట్టాను. రేపు పొద్దున్నే మిరపకాయల లోడుందని వాడు ఇంకో నట్టు తీసుకుని మళ్లీ దూరాడు. పిలిస్తే అదీ మింగుతాడేమోనని భయం, పిలవకపోతే రాళ్ల భయం. వాడి పాదాలు కదులుతున్నాయా లేదా అని చూస్తూనే ఇది రాస్తున్నాను. మీరైతే పిలుస్తారా?