నుసుములన్నీ ఒకటి కావు

తిరువూరులో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పే రిబ్కాని పాలెంలో అందరూ నోరున్న పిల్ల అంటారు. పొగడ్తగా అనేవాళ్ళు తక్కువ. ఇంటర్ చదివే రోజుల్లో ఒక మాస్టారు, "మీవాళ్ళంతా నర్సింగే కదమ్మా చేసేది, నీకెందుకీ పురుగుల చదువు?" అన్నాడు. "నర్సింగు తక్కువ పనేం కాదు సార్. నాకు పురుగులిష్టం, అంతే" అంది. ఆ ఇష్టంతోనే విజయవాడలో హాస్టల్ సాంబారు తాగి ఎమ్మెస్సీ పూర్తిచేసింది.

తల్లి మేరమ్మది గేదెల మీద బతుకు. పాలెంలో చాలామంది ఆడవాళ్ళదీ అంతే. సొంతానికి సెంటు భూమి లేదు. అందుకే వాగు ఒడ్డున ముళ్ళకంప నరికి, ఆ పోరంబోకులో నేపియర్ గడ్డి వేసుకున్నారు. ఆ గడ్డి ఉంటేనే పాలు, పాలుంటేనే పొయ్యి మీద కుండ. కంప ఉన్నన్నాళ్ళూ ఆ నేల ఎవరికీ కనపడలేదు. పచ్చబడ్డాక అందరి కళ్ళూ దానిమీదే పడ్డాయి.

ఈ వేసవి మామిడి కాయల్లో పురుగు పడింది. పైకి నవనవలాడే బంగినపల్లి కోస్తే లోపల తెల్లటి పురుగులు. వాగు పక్కనే తోటలున్న గిరిబాబు తన షెడ్డులో తోటల వాళ్ళని సమావేశపరిచాడు. కాయలు సర్దే కూలికి వెళ్ళిన మేరమ్మ కూడా అక్కడే ఉంది.

"ఏం మేరమ్మా, మీ గడ్డిలో నుసుములున్నాయా, లేవా?" అన్నాడు గిరిబాబు అందరూ వినేలా.

"లేకేవండీ! కొడవలి పెడితే చాలు, కళ్ళల్లో పడి చంపుకుతింటన్నయ్యి."

"విన్నారుగా! పురుగు ఎక్కడినుంచి వస్తందో ఆవిడే చెప్పింది. కోతలు అవగానే ఆ గడ్డి దున్నించేస్తాను."

ఈ వైపు ఈగ కన్నా చిన్నదై, దోమ కాని ఏ రెక్కల పురుగైనా నుసుమే. అరటిపండు మీద వాలినా నుసుమే, గేదె కంటి చుట్టూ ముసిరినా నుసుమే. మేరమ్మ చెప్పింది నిజం. ఆ ఒక్క మాట పట్టుకుని దాన్ని నేరం ఒప్పుకోవడంగా మార్చారు. పేదవాళ్ళ నిజాన్ని వాళ్ళకే ఉరితాడుగా పేనడం కొందరికి ఎంత తేలికో!

"ఎందుకు చెప్పావమ్మా అట్లా?" అంది రిబ్కా, కాలేజీ నుంచి ఇంటికొచ్చి సంగతి విన్నాక.

"ఉన్నయ్యి లేవని ఎట్లా చెప్పమంటావే? ఆదివారం గుళ్ళో కూర్చునేదాన్ని."

రిబ్కాకి కోపంలోనూ నవ్వొచ్చింది. "అబద్ధం చెప్పొద్దులే. అవి ఏ నుసుములో చెబుదాం."

పాత దోమతెర గుడ్డని ఇనప చువ్వకి కుట్టి వల చేసింది. గడ్డి మీద ఊపితే గుప్పెడు పురుగులు పడ్డాయి. గిరిబాబు తోటలో చెట్ల కింద కుళ్ళుతున్న రాలుకాయలు నాలుగు ఏరుకొచ్చి, ఇసక పోసిన సీసాలో వేసి గుడ్డ కట్టింది. కాయలో పురుగులు ఇసకలోకి దిగాయి. కొన్నాళ్ళకి రెక్కలతో పైకొచ్చాయి.

గిరిబాబు నేల దున్నే రోటవేటరు తగిలించిన ట్రాక్టరు తోలించుకుని వాగు ఒడ్డుకొచ్చిన పొద్దున, మేరమ్మతో పాటు పాలెం ఆడవాళ్ళంతా గడ్డి ముందు కూర్చున్నారు. రిబ్కా ఉద్యానశాఖ అధికారిని వెంటబెట్టుకొచ్చింది. ట్రాక్టరు బానెట్ మీద తెల్లకాగితం పరిచి, భూతద్దం ఆయన చేతికిచ్చింది.

"ఇది మా గడ్డిలోది సార్. నువ్వుగింజంత కూడా లేదు. నిగనిగలాడే నల్ల ఒళ్ళు, పసుపు కాళ్ళు. నెత్తిమీద రెండు కళ్ళ మధ్య నున్నటి ముక్కోణం మెరుస్తంది చూడండి. రెక్కల మీద మచ్చ లేదు. రెక్క ముందంచున ఈనె ఒకచోట తెగినట్టుంటది. ఇది గడ్డి ఈగ. దీని పిల్లలు గడ్డి కాడల్లోనూ, కుళ్ళిన ఆకుల్లోనూ బతుకుతయ్యి. కాయ జోలికి రావు. ఇక ఇది గిరిబాబు గారి కాయలోంచి వచ్చింది. ఇంటి ఈగంత ఉంది. వీపు మీద రెండు పసుపు చారలు, రెక్క అంచున నల్ల గీత, తోక దగ్గర కాయని గుచ్చే సూది. ఇది పండు ఈగ."

అధికారి రెండూ తిప్పి తిప్పి చూశాడు. "అమ్మాయి చెప్పింది కరెక్టేనండి గిరిబాబు గారూ. రాలిన కాయలు ఎప్పటికప్పుడు ఏరి గోతిలో పూడ్చమని మేము చెబుతూనే ఉన్నాం కదా."

గిరిబాబు భూతద్దం ముట్టుకోలేదు. "ఏదైతే ఏంటండీ, రెండూ ఈగలేగా? అయినా వచ్చే కాపుకి నా తోటకి లారీ వచ్చి తిరగాలంటే నాకిక్కడ చోటు కావాలి."

మేరమ్మ గట్టిగా నవ్వింది.

"అట్లా చెప్పు అయ్యగారూ! లారీ కోసం ఈగ మీద పెట్టావా ఇన్నాళ్ళూ?"

ఆడవాళ్ళ నవ్వు వాగు అవతలికి వినిపించింది. గిరిబాబు మొహం కందగడ్డయింది. "ఏయ్, పోనీరా బండి!" అని డ్రైవరు మీద అరిచాడు.

రిబ్కా వెళ్ళి రోటవేటరుకీ గడ్డికీ మధ్య నిలబడింది. "ఈగ పేరు తప్పు చెప్పారు, సరిదిద్దాం. ఈ నేల కూడా మీదేనని చెబుతారా? కాగితం చూపించండి. లేకపోతే మా మీద నుంచి పోనీయండి."

కాగితం గిరిబాబు దగ్గర లేదు. అధికారి జేబులోంచి ఫోను తీసి ఎవరికో చేయడం మొదలుపెట్టాడు. డ్రైవరు ఇంజను ఆపేసి, తాళంచెవి జేబులో వేసుకుని కిందికి దిగాడు.

"నా వల్ల కాదండి. ఆడమనుషుల మీదకి తోలమంటారా?"

గిరిబాబు బుల్లెట్టెక్కి వెళ్ళిపోయాడు. ఇది ఇక్కడితో ఆగదని అక్కడున్న ప్రతి ఒక్కరికీ తెలుసు. రేపు కాగితం పుట్టించుకుని రావచ్చు. రానీ, అప్పుడూ ఇక్కడే కూర్చుంటారు.

మేరమ్మ కొంగు బిగించి లేచింది. "బండి కాస్త పక్కకి తీయి నాయనా. గేదెలు అరుస్తన్నయ్యి, గడ్డి కోసుకోవాలి."